వాతరక్తమును పప్పుకట్టును

కాలి బొటనవ్రేలి మొదట అర్ధరాత్రమున నిప్పు ముట్టించినట్లు నొప్పి పుట్టి, తెల్లవాఱునప్పటికి పాదము ఎఱ్ఱనై వాచి, దుప్పటి అంచు తగిలినను సహింపరాని వ్యాధి యొకటి కలదు. ఆంగ్లేయులు దీనిని గౌటు అందురు. మన వైద్యులు వాతరక్తముతో పోల్చుదురు. ఈ రోగము వచ్చెనని తెలిసినతోడనే పెక్కు ఇండ్లలో ముందుగా మాన్పించునది పప్పు. జన్మమున మాంసము ముట్టని వృద్ధునకు సయితము కందిపప్పును నిషేధించి చారునీళ్ళతో సరిపెట్టుట చదువరులు చూచియే యుందురు. ఈ నిషేధమునకు మూలమేమో మేము కొంత విచారింప నెంచితిమి.

చరకసంహితలో చికిత్సాస్థానమందలి 29వ అధ్యాయము వాతరక్తమును గూర్చినది. దీని పర్యాయనామములలో ఆఢ్యవాతము ఒకటి. ఆఢ్యుడనగా ధనవంతుడు. మితిమీఱి భుజించి, పగలు నిద్రించి, నడక మాని వాహనములపై తిరుగు సుకుమారులకు ఇది వచ్చునని గ్రంథకర్త యభిప్రాయము. మద్యము, నీటిప్రాణుల మాంసము, పులుపు, పెరుగు కారణములుగా చెప్పబడినవి. ఉలవలును మినుములును అందే చేరినవి. కాని పథ్యము చెప్పుచోట కందులు, సెనగలు, పెసలు మొదలగువాని కట్టును సమృద్ధిగా నేయి చేర్చి యీయవలెనని అదే అధ్యాయము విధించుచున్నది. కావున పప్పులన్నిటిని ఒక్కతాట కట్టి త్రోసివేయుట మన ప్రాచీనుల మతము కాదు.

ఐరోపాలోను ఇది రాజుల వ్యాధియని ప్రతీతి. చక్రవర్తి అయిదవ చార్లెసు కథ ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము. ముప్పది యేండ్లు నిండకమునుపే ఆతనిని ఈ రోగము పట్టెను. చేపలను, బీరును మానుమని మతగురువు లేఖలు వ్రాసెను, వైద్యులు వేడుకొనిరి. ఆతడు వినలేదు. 1555లో బ్రస్సెల్సు సభలో రాజ్యమును విడుచునప్పుడు ఒకచేత కఱ్ఱను పట్టి, ఒకచేయి యువకుడగు విలియము భుజముపై నుంచి నిలువవలసి వచ్చెను. స్పెయినులోని యూస్తె మఠమునకు విశ్రాంతికై పోవునప్పుడు సయితము బీరు కాచువానిని వెంటగొనిపోయెను! 1558లో మరణించిన యీ చక్రవర్తి చేతివ్రేలి కొస యొకటి భద్రపఱుపబడి యుండెను. పండితులు దానిని పరీక్షించి, మూత్రామ్లపు స్ఫటికములు ఎముకను తినివేసినట్లు 2006లో ప్రకటించిరి.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో గౌటు పెద్దమనిషితనమునకు గుఱుతుగా నుండెను. అది యుండగా వేఱు రోగము రాదని నమ్మినవారును కలరు. వ్యాధియే బిరుదైనచో పథ్య మెవరికి రుచించును? అయినను జార్జి చెయిన్ అను వైద్యుడు, తన శరీరము 200 కిలోగ్రాములు మించినప్పుడు, పాలును శాకములును ఆహారముగా గొని తేరుకొనెను. ఆయనకు పూర్వుడును, స్వయముగా రోగియు నగు సిడెన్హామ్ 1683లో తన గ్రంథమునందు మితమునే బోధించెను. పాలు మాత్రమే త్రాగువారు ఆ నియమమును విడిచినంతనే రోగము మరల వచ్చునని ఆయన కనిపెట్టెను.

పిమ్మట రసాయనశాస్త్రము ప్రవేశించినది. 1776లో షీలే మూత్రాశయపు రాళ్ళలో మూత్రామ్లమును కనుగొనెను. 1797లో వొల్లాస్టను రోగి కీళ్ళ గడ్డలలో దానినే చూపెను. 1848లో గారడు రోగుల రక్తమున అది హెచ్చుగా నున్నదని నిరూపించెను. ఈ గారడు మఱియొక విశేషమును గమనించెను. తన రోగులలో ఇంచుమించు నాల్గవవంతు సీసపు విషము సోకినవారు. వారిలో పెక్కుమంది రంగులు వేయువారు, గొట్టములు బిగించువారు. విందులు లేకయే వీరికి రోగము వచ్చినది! ఆఢ్యవాతమను పేరు ఈ కూలివాండ్రపట్ల ఎంత అన్యాయము!

మూత్రామ్లము ప్యూరిను లను పదార్థములనుండి పుట్టునని తేలినపిదప వైద్యులు వానిగల యాహారముల పట్టికలు కట్టిరి. కాలేయము, మూత్రపిండములు, చిన్నచేపలు మొదటి పంక్తిలో నిలిచినవి. పప్పులు, చిక్కుళ్ళు, పాలకూర సయితము ఆ పట్టికలకు ఎక్కినవి. మన యిండ్లలోని నిషేధమునకు బలము నిచ్చినది ఈ పట్టికలే యని మాకు తోచుచున్నది. రసాయనమున తప్పులేదు, పట్టికను చూచి పథ్యము నిర్ణయించుటయే తొందరపాటు. 2004లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 47,150 మంది పురుషులను 12 సంవత్సరములు గమనించిరి. మాంసము, చేపలు హెచ్చుగా తినువారికి రోగము హెచ్చెను. ప్యూరిను లున్న కూరగాయలు, పప్పులు తినువారికి హెచ్చలేదు. పాలవస్తువులు తినువారికి తగ్గెను. ఇచ్చట పెరుగు విషయమున చరకునితో ఆధునికులు ఏకీభవింపలేదు. సారాయములలో బీరు అన్నిటికన్న చెడుగనియు, 2008లో తీపి సీసాపానీయములును దోషయుక్తములే యనియు తేలినది.

అయినను పథ్యమునకు హద్దు కలదు. దేహమున పుట్టు మూత్రామ్లములో సుమారు మూడింట రెండువంతులు దేహధాతువులనుండియే కలుగును. తిండివలన కలుగునది మిగిలిన భాగము. రోగి నోటిని ఎంత కట్టినను చాలకపోవుట తఱచు. 1966 నుండి వాడుకలోనున్న అల్లోప్యూరినాలు అందుకొఱకే యేర్పడినది. తగిన రోగికి వైద్యుడు దానిని విధించునప్పుడు, పప్పు మానినాము గదా యని మందు మానుట కీళ్ళకు ముప్పు. మూత్రపిండములు చెడినవారికి పప్పు కొలత వేఱుగా నుండును. దానిని వైద్యుడే నిర్ణయింపవలెను.