పాతిపెట్టిన తలాంతు: గంజాము చరిత్ర చెప్పిన భాష్యము

మా బాల్యమున బరంపురములో మా యింటి ప్రక్క నొక క్రైస్తవ ఉపాధ్యాయిని గారు కాపురముండెడివారు. వీథిలోని పిల్లల నందరిని అరుగుమీద కూర్చుండబెట్టి కథలు చెప్పుట వారి కలవాటు. మాది వేరు మతమైనను కథకు మతము లేదని మా తండ్రిగారు మమ్ము పోనిచ్చెడివారు. ఆ యరుగుమీద వినిన కథలలో తలాంతుల కథ యొకటి. అది మాకు అప్పుడు నచ్చలేదు. దొంగిలింపక, దుర్వ్యయము చేయక, యజమాని సొమ్ము యజమానికి పైసతో సహా అప్పగించిన సేవకునికి శిక్ష యేల? ఈ ప్రశ్న మమ్ము ఏబదియేండ్లు వెంటాడినది. దీనికి సమాధానము మాకు వ్యాఖ్యాన గ్రంథములలో గాక, మన గంజాము చరిత్రలోను, మా గుమాస్తా జీవితములోను దొరకినది. దానినే ఈ సంచికాముఖమున పాఠక మహాశయులకు నివేదించుచున్నాము.

కథ మత్తయి సువార్త యిరువదియైదవ అధ్యాయమున నున్నది. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన లండను మిషనరీలలో డెగ్రాంజెస్ అను నాతడు, ఆనందరాయరను తెలుగు పండితుని సాయమున మొదటి మూడు సువార్తలను తెనిగింపగా, అవి 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. కావున ఈ కథ తెలుగు అచ్చు నెక్కి రెండు వందల యేండ్లు దాటినది. కథాసంగ్రహ మిది. ఒక యజమానుడు దేశాంతరమునకు పోవుచు, ముగ్గురు సేవకులకు వారి వారి శక్తి ననుసరించి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతు లప్పగించెను. మొదటి యిద్దరు వ్యాపారము చేసి సొమ్మును రెట్టింపు చేసిరి. మూడవవాడు యజమానుడు కఠినుడని భయపడి తన తలాంతును భూమిలో పాతిపెట్టెను. చాలకాలమునకు యజమానుడు తిరిగివచ్చి లెక్క చూచి, మొదటి యిద్దరిని మెచ్చుకొని, మూడవవానిని సోమరి యని నిందించెను. కనీసము వడ్డీవ్యాపారుల యొద్దనైన నుంచవలసినది గదా యని మందలించి, ఆ యొక్క తలాంతును తీసి పది గలవాని కిచ్చి, వానిని వెలుపలి చీకటిలోనికి త్రోయించెను.

తలాంతు అనగా నాణెము కాదు, తూకము. వెండితో లెక్కించినచో ఒక తలాంతునకు ఆరువేల దేనారములు. అదే సువార్త యిరువదవ అధ్యాయమున ద్రాక్షతోటలోని కూలివానికి దినమునకు ఒక దేనారము కూలిగా చెప్పబడినది. సంవత్సరమునకు మూడువందల పనిదినములు వేసికొన్నచో ఒక్క తలాంతు ఇరువదియేండ్ల కూలి యగును. కావున ఒకటే ముట్టినవాడును పేదవాడు కాడు. తలాంతు అను మాటకు ప్రతిభ యను నర్థము ఈ కథవలననే తరువాత ఏర్పడినది. నేడు మన తెలుగు క్రైస్తవులు పిల్లల పాటలను, చిత్రలేఖనమును తలాంతు లనుచుండుట కిదే మూలము.

ఇక పాతిపెట్టుట మాట. ఆ కాలమున అది నేరము కాదు, వెర్రితనమును కాదు. సొమ్మునకు నేలను మించిన కాపుదల లేదను నభిప్రాయము యూదుల తాల్ముదు గ్రంథమునందే కలదు. మన దేశమున లంకెబిందెల కథలు వినని పల్లె యేది? దొరికిన నిక్షేపము విలువ పదిరూపాయలకు మించినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878లో ప్రభుత్వము చట్టమే చేయవలసి వచ్చెను. మా నాయనమ్మ గారును వంటయింటి గచ్చుక్రింద ఇత్తడి చెంబులో వెండిరూపాయలు దాచిరి. కావున మూడవ సేవకుడు చేసినది లోకమంతయు చేయుపనియే. అయినను తీర్పు వానికి వ్యతిరేకముగా వచ్చినది. ఏల?

దీనికి మన పొరుగుననే జరిగిన యొక మహావిపత్తు సమాధానము చెప్పుచున్నది. 1865లో వర్షములు చాలక పంట లెండిపోయెను. నాడు గంజాము జిల్లా మద్రాసు రాజధానిలోనిది. చిలికకు ఆవలనున్న పూరీ, కటకము, బాలేశ్వరము బంగాళ ప్రభుత్వము క్రింద నుండెను. మరుసటి యేడు ఆ ప్రాంతమున వచ్చిన కరవును ఒడియా వారు నేటికిని ‘న అంక’ దుర్భిక్ష మందురు. పూరీ గజపతి దివ్యసింహదేవుని తొమ్మిదవ అంకమున వచ్చుటచే దానికా పేరు. 1866 జనవరి చివర కటకము కమిషనరు రావెన్‌షా బియ్యము తెప్పించుట కనుమతి కోరగా, కలకత్తా రెవెన్యూ బోర్డు నిరాకరించెను. ఫిబ్రవరిలో లెఫ్టినెంటు గవర్నరు బీడన్ స్వయముగా వచ్చి చూచియు, ధాన్యము ధర పెరిగినచో వర్తకులే తెత్తురు, ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని తలచెను. తీరా కన్నులు తెరచి బియ్యము తెప్పింప నుత్తరువు చేయునప్పటికి వానకాలము వచ్చిపడెను. ఓడలు ఒడ్డు చేరుట దుర్లభమాయెను. పదిలక్షల మంది, అనగా ఆ ప్రాంతపు జనములో మూడవ వంతు, మరణించిరని అంచనా.

ఇందు ఖజానాలోని సొమ్మును ఎవరును దొంగిలింపలేదు. అది భద్రముగనే యున్నది. నష్టము వచ్చునేమో, పైవారు తప్పుపట్టుదురేమో యను భయముతో చేతిలోని సొమ్మును కదల్పకుండుటయే జరిగినది. మూడవ సేవకుడు చేసిన పని యిదియే గదా! తీర్పును వచ్చినది. జార్జి కాంప్‌బెల్ అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము అధికారుల జాగును ఖండించెను. 1866 జూలైలో ఇండియా మంత్రిపదవి చేపట్టిన క్రాన్‌బోర్న్ ప్రభువు, తరువాత సాలిస్బరీ యను పేర ఇంగ్లండు ప్రధానమంత్రి యైనవాడు, హెచ్చరిక వినియు తాను రెండు నెలలు ఏమియు చేయలేదనియు, ఆ నింద నుండి తనకు మనసులో ఎన్నడును విముక్తి లేదనియు ఒప్పుకొనెను. వెలుపలి చీకటి యనగా నేమో ఆ యొప్పుకోలు విన్నచో తెలియును.

గంజాము కూడ ఆ కరవున బాధపడినది. ఆ యేడే మద్రాసు గవర్నరుగా వచ్చిన నేపియరు ప్రభువు స్వయముగా గంజామునకు వచ్చి చూచెను. అయితే ఈ నేలకు శాశ్వతమైన ఉపకారము మరికొంత కాలమునకు గాని జరుగలేదు. 1880 నాటి కరవు సంఘము నివేదిక పిమ్మట సేద్యపు నిర్మాణములను రెండు తెగలుగా చూచుట స్థిరపడెను. పెట్టిన సొమ్మునకు తగిన వడ్డీ తెచ్చునవి లాభదాయకములు. అంత ఆదాయము రాకున్నను కరవునుండి కాపాడునవి రక్షణార్థములు. మన ఋషికుల్యా కాలువలు ఈ రెండవ తెగకు చెందినవి. 1880వ దశకమున పని ప్రారంభమై, ఆ శతాబ్ది ముగియువేళకు నదిపై ఆనకట్టలును, సొరడా, రస్సెల్‌కొండలయొద్ద జలాశయములును ఏర్పడినవి. ఆ రస్సెల్‌కొండయే నేటి భంజనగరము. వడ్డీలెక్క మాత్రమే చూచిన దొరకైన ఈ కాలువలు నష్టపు పద్దుగానే కనబడియుండును. కాని అసికా, హింజిలికాటు దారిలో పచ్చని చేలు చూచినవారెవరును అది నష్టమని యనజాలరు. ఒకరు సొమ్మును నేలలో పాతిపెట్టిరి. మరియొకరు సొమ్మును నీరుగా మార్చి నేలకు పెట్టిరి. రెండును నేలలోనికే పోయినవి గాని, రెండవదియే మొలకెత్తినది.

ఇచట నొక యాక్షేపణకు చోటున్నది. సాహసమే మేలైనచో పరుల సొమ్ముతో జూదమాడుటయు మేలేనా? వడ్డీవ్యాపారుల యొద్ద నుంచుమన్నాడు గదా యజమానుడు; ఆ వ్యాపారియే దివాలా తీసినచో? ఇదియును మన పూర్వు లెరిగిన దుఃఖమే. గంజాము మద్రాసు రాజధానిలో నున్న దినములలోనే, 1906 అక్టోబరు 22న, మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసెను. ఆ పేరు నమ్మి జీవితకాలపు కూడబెట్టును అచట వేసిన ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు వీథిని పడిరి. సంస్థ పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్‌కు పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను. ఆ గాయమునుండియే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టినది. మన కాలమునను 2013 ప్రాంతమున ఒడిశాలో అధిక వడ్డీల నాశ చూపిన డిపాజిట్ సంస్థలు ఎన్ని యిండ్ల దీపము లార్పినవో బరంపురవాసులకు చెప్పనక్కరలేదు.

అయినను ఈ యుదంతములు కథకు విరుద్ధములు కావు. కథలోని మంచి సేవకు లిద్దరును యజమాని సొమ్ము యజమాని కొరకే తిప్పిరి. అడిగిననాడు లెక్క దాచలేదు. పరుల సొమ్మును స్వలాభమునకై పణముగా పెట్టినవాడును, భయముచే పాతిపెట్టినవాడును ఒక్క తప్పే చేసిరి. ఇద్దరును తమ్ము తామే చూచుకొనిరి గాని, సొమ్ము ఎవరిదో, ఎందుకొరకో తలంపలేదు.

ఎందుకొరకు అను ప్రశ్నకు సమాధానము ఆ యధ్యాయముననే కలదు. తలాంతుల కథ ముగిసిన వెంటనే అంత్యతీర్పు వర్ణన వచ్చును. అచట రాజు ఎవరినిగాని యెంత గడించితివని యడుగడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా, దప్పిగొన్నవానికి నీరిచ్చితివా, రోగిని చూడబోతివా యనియే విచారించును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన చదువనిచో మొదటి కథ వడ్డీవ్యాపారుల స్తోత్రమువలె కనబడును. కలవానికే యిచ్చి లేనివానినుండి తీసికొను ఆ యజమానుని అన్యాయపరునిగా చూచి, మూడవ సేవకునే మెచ్చుకొను వ్యాఖ్యాతలును ఇటీవల నున్నారు. వారి బాధ మాకు తెలియును. కాని రెండవ భాగము చదివిన పిమ్మట, రెట్టింపైన తలాంతు లెవరి యాకలి తీర్చినవి యను లెక్కయే అసలు లెక్క యని మాకు తోచుచున్నది.

ఇంత ధైర్యముగా తీర్పు చెప్పుచున్న మేము మా పద్దును గూడ చూపుట న్యాయము. మేము ఒక కార్యాలయమున ముప్పదిమూడేండ్లు గుమాస్తాగిరి చేసితిమి. ఒకనాడు, మరణించిన ప్యూను భార్య యొక్క పింఛను కాగితములు మా బల్లమీదికి వచ్చినవి. సర్వీసు పుస్తకమున ఒక్క నమోదు క్రింద అధికారి సంతకము లేదు. లేదని వ్రాసి, తగిన పూచీతో పైకి పంపియుండవచ్చును. అట్లు చేయుటకు నియమము ఒప్పును. కాని ఆడిటు వారు ఆక్షేపించినచో ఆ వ్రాత మా మెడకు చుట్టుకొనునని భయపడి, వివరణ కోరుచు రెండుమార్లు త్రిప్పి పంపితిమి. నడుమ చాలకాలము ఫైలును సొరుగులో నుంచితిమి. పదునొకండు నెలలు గడచెను. ఆ లోపల ఆమె రెండవ కుమారుడు బడి మాని పట్టుమగ్గముల యొద్ద కూలికి కుదిరెను. తుదకు పింఛను మంజూరైన దినమున ఆమె వచ్చి మాకు నమస్కరించినది. ఫైలులో ఒక్క కాగితము పోలేదు, ఒక్క మూల చిరుగలేదు. నీది నీకే యిదిగో యని మూడవ సేవకుడు చెప్పిన మాటయే మా నోటను వచ్చినట్లయినది. ఆ కుర్రవాడు మరల బడికి పోలేదు.

నాడు అరుగుమీద అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్లకు మాకు సమాధానము దొరకినది. మూడవవాడు సొమ్మును పోగొట్టలేదు. సొమ్మునకు రావలసిన కాలమును పోగొట్టెను. సొమ్మును తిరిగి యీయవచ్చును, కాలమును ఈయరాదు. 1866 మే నెలలో వచ్చిన యుత్తరువు ఫిబ్రవరిలో చచ్చినవారి కేమి మేలు చేయగలదు? మన చేతి కప్పగింపబడినది పెద్ద ఖజానాయే కానక్కరలేదు. ఒక సంతకము, ఒక ఫైలు, వచ్చిన నాలుగక్షరములు గూడ తలాంతులే. వాని నిప్పుడు పైకి తీయుద మని మా సాటి విశ్రాంత ఉద్యోగులకు మా మనవి. మా మట్టుకు మేము మా వీథి వితంతువులకును వృద్ధులకును పింఛను దరఖాస్తులు వ్రాసిపెట్టుచు, ప్రతి సోమవారము ఉదయము అరుగుమీదనే కూర్చుండుచున్నాము.