పావులూరి మల్లన లెక్క, అరవై ఒకటో గడి

బెజవాడ దిగువన కృష్ణ దాటితే దక్షిణాన పాత కమ్మనాడు. పావులూరి మల్లనది ఆ నాడే. ఆయన 11వ శతాబ్దివాడని, రాజరాజనరేంద్రుడి కాలానికి దగ్గరివాడని సాహిత్య చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం పక్కన నిలబెట్టి తలుచుకోవలసిన పని అది. మనం తలుచుకోవడం తక్కువ.

ఆయన పేరున నిలిచిన పద్యాల్లో చదరంగం పలక లెక్క ఒకటి. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. బాణాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, ఏనుగులంటే ఎనిమిది అనే సంకేతాలతో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఇరవై అంకెలనూ పద్యంలో కూర్చాడు. అంకెలు విడిగా రాస్తే ప్రతులు ఎత్తిరాసేటప్పుడు ఎక్కడో ఒకటి జారిపోతుంది. ఛందస్సులో ఇరికిస్తే అంత తేలిగ్గా జారదు. ఈనాడు కంప్యూటరుతో సరిచూసినా ఒక్క అంకె తేడా రాదు.

ఈ మొత్తం ప్రధాన సంఖ్య కాదు. చివర అయిదు ఉందిగదా, చూడగానే తెలుస్తుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 వస్తాయి. కానీ పలక మీద ముందే ఆగి చూడండి. రెండు గళ్ల మొత్తం 3, మూడింటిది 7, అయిదింటిది 31, అన్నీ ప్రధానాలే. గళ్ల సంఖ్యకు కారణాంకాలు ఉంటే మొత్తానికీ ఉంటాయి. అలాగని గళ్ల సంఖ్య ప్రధానమైతే చాలదు: పదకొండు గళ్ల మొత్తం 2,047, అంటే 23 ఇంటూ 89. పలక మొత్తంలో తొమ్మిది చోట్ల ఆగితేనే ప్రధాన సంఖ్య దొరుకుతుంది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61.

ముప్పై ఒకటో గడి సంగతి 1772లో ఆయిలర్ తేల్చాడు. ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలో 61 అసలు లేదు. అక్కడి మొత్తం 23,05,84,30,09,21,36,93,951 ప్రధానమేనని 1883లో నిరూపించినవాడు రష్యాలో ఒక పల్లె చర్చి పూజారి, పెర్వుషిన్. మల్లన లెక్క ముగిసిన చోటికి మూడు గళ్ల ఇవతల ఉన్న సంఖ్య ఇది. దాని స్వభావం తేలడానికి ఎనిమిది వందల ఏళ్లు పట్టింది.

ఇలాంటి మొత్తం ప్రధానమో కాదో తేల్చడానికి లూకాస్ మొదలుపెట్టి లేమర్ సానబట్టిన పరీక్ష ఎంతో అందమైనది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి; ఆ శేషంతో మళ్లీ అదే చేయాలి. 31కి ఆ వరస 4, 14, 8, 0. సున్నా వచ్చింది, ప్రధానమే. అరవై ఒకటో గడికి ఇలా యాభై తొమ్మిది సార్లు చేయాలి.

ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో పుట్టిన అంధ గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ, రెండును 103 సార్లు గుణిస్తే వచ్చే 32 అంకెల సంఖ్యను నోటితో చెప్పారని అంటారు. దాంట్లోంచి ఒకటి తీసేస్తే 103 గళ్ల మొత్తం వస్తుంది. అది ప్రధానం కాదు. 2,55,01,83,799 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన, అప్పటికి తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్యా ఈ వరసలోదే. దానికి 4,10,24,320 అంకెలు, పలకకు 13,62,79,841 గళ్లు.