దండయాత్రల జ్ఞాపకాలు పుస్తకాలైన వైనం

తాను చేసిన యుద్ధాన్ని సైనికుడే రాసి అచ్చు వేయించడం దక్కను విషయంలో 1820ల చివర్లో ఊపందుకున్న అలవాటు. అంతకు ముందు ఇక్కడి యుద్ధాలు ఎక్కువగా ఉత్తరాల్లో, సర్కారు దస్తరాల్లో, జంగం కథల్లో నిలిచాయి. ఆ తర్వాత దొరల జ్ఞాపకాలు లండన్‌లో పుస్తకాలయ్యాయి. వాళ్ల పక్కనే నిలబడి పోరాడిన సిపాయిల జ్ఞాపకాలు మాత్రం కాగితం మీదికి రాలేదు.

ముందు ఆ యుద్ధాల సంగతి చూద్దాం. 1795లో హైదరాబాదు నిజాం అలీఖాన్ దండు బీదరు నుంచి మంజీరా వెంట పడమరకు కదిలింది. మార్చి 11న ఖర్దా దగ్గర మరాఠాలతో తలపడి ఓడిపోయింది. 1798 సెప్టెంబర్ 1న కుదిరిన ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ పటాలాలు నిజాం ఖర్చుతో హైదరాబాదులో స్థిరపడ్డాయి. తర్వాతి ఇరవై ఏళ్లలో శ్రీరంగపట్నం (1799), అస్సాయే (1803), సీతాబల్డీ, మహిద్‌పూర్ (1817) యుద్ధాలు జరిగాయి. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవారు. మహిద్‌పూర్‌లో నిజాం తరఫున రసెల్ బ్రిగేడ్ కూడా పోరాడింది.

ఈ యుద్ధాల మీద మొదట వచ్చినవి పొడి నివేదికలు. మద్రాసు సైన్యంలో క్వార్టర్ మాస్టర్ జనరల్‌గా పనిచేసిన వాలెంటైన్ బ్లాకర్ 1817-19 మరాఠా యుద్ధం గురించి 1821లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఏ పటాలం ఏ వాగు దాటింది, ఏ కోట ఎలా లొంగింది అన్నవన్నీ అందులో ఉంటాయి. రాసిన మనిషి మాత్రం కనిపించడు.

ఆ మనిషిని పుస్తకంలోకి తెచ్చింది ఐరోపా. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక బ్రిటన్‌లో వేలమంది అధికారులు సగం జీతం మీద ఇంటిపట్టున ఉండిపోయారు. వాళ్లకు తీరిక ఉంది, చెప్పుకోవడానికి కథలున్నాయి, చదివేవాళ్లూ ఉన్నారు. స్పెయిన్ యుద్ధాల మీద గ్లీగ్ రాసిన ‘ది సబాల్టర్న్’ 1825లో, కిన్‌కెయిడ్ జ్ఞాపకాలు 1830లో వెలువడ్డాయి. భారతదేశంలో పనిచేసినవారూ అదే దారి పట్టారు. మద్రాసు సైన్యంలో ఇంజనీరు జాన్ బ్లాకిస్టన్ పుస్తకం 1829లో వచ్చింది. మరుసటి ఏడాది అదే సైన్యానికి చెందిన జేమ్స్ వెల్ష్ ‘మిలిటరీ రెమినిసెన్సెస్’ రెండు సంపుటాలుగా వెలువడింది. దాదాపు నలభై ఏళ్ల కొలువులో రాసుకున్న దినచర్య నుంచి తీసిన ఆ పుస్తకంలో 90కి పైగా చిత్రాలున్నాయి.

ఈ రచనల బలమేమిటో, లోపమేమిటో బ్లాకిస్టన్ రాసిన వేలూరు ఘట్టం ఒక్కటే చూపిస్తుంది. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి ఆంగ్ల సేనాని గిలెస్పీతో వచ్చిన బలగంలో బ్లాకిస్టన్ ఉన్నాడు. కోట చేజిక్కాక, మహలులో తలదాచుకున్న వందమందికి పైగా సిపాయిలను బయటికి లాక్కొచ్చి, గోడకు నిలబెట్టి, అందరూ చనిపోయేదాకా ఫిరంగులతో కాల్చారు. ఆ దృశ్యాన్ని తాను చలించకుండా చూశానని ఆయనే రాసుకున్నాడు. ఇంత నిజం సర్కారు నివేదికల్లో దొరకడం అరుదు. కానీ గోడకు నిలబడ్డవాళ్ల పేర్లు, ఊళ్లు అక్కడ లేవు. ఈ కోవ పుస్తకాల్లో సిపాయి తరచు ఒక అంకెగానే మిగిలాడు. ఇది క్షమించదగిన లోటు కాదు.

బెంగాల్ సైన్యపు సీతారాం పేరుతో ఒక సిపాయి ఆత్మకథ 1873లో ఇంగ్లిష్‌లో వచ్చింది. దాని ప్రామాణికత మీద ఇప్పటికీ వాదాలున్నాయి. తెలుగు సిపాయి పేరుతో అలాంటిది కూడా ప్రసిద్ధిలో లేదు. తెలుగువారి యుద్ధ స్మృతి మరో దారిలో నడిచింది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ తన గ్రంథంలో రాశాడు. అదే యుద్ధాన్ని జంగాలు పాడారు, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’గా మలిచాడు. జనం నోట నిలిచింది తాండ్ర పాపారాయుడి కథే తప్ప ఓర్మ్ వాక్యాలు కావు. శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్న కాలిన్ మెకంజీ కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు పనిచేశారు. వారి బృందం ఊరూరా సేకరించిన కైఫీయత్తుల్లో దండ్లు వచ్చిన సంగతులు, పాలెగాళ్ల పోరాటాలు గ్రామస్థులు చెప్పినట్టుగా నమోదయ్యాయి. తెలుగు జనం వైపు నుంచి యుద్ధాన్ని చూడాలంటే నేటికీ మొదట తెరవవలసినవి అవే.

హైదరాబాదులో సమాధి కూడా జ్ఞాపకమైంది. ఖర్దాలో నిజాం పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. మలక్‌పేట వైపు గుట్ట మీద ఉన్న ఆయన సమాధి దగ్గర వర్ధంతికి జనం చేరి ఉరుసు జరిపేవారు. ఆ పక్కనున్న మూసారాంబాగ్‌కు ఆయన పేరే వచ్చిందంటారు.

సిపాయి చేతికి అందిన గుర్తు పతకం. శ్రీరంగపట్నం విజయానికి కంపెనీ ఇంగ్లండ్‌లో పతకాలు చేయించింది. ఒకవైపు పులిని అణచిన సింహం, మరోవైపు కోట ముట్టడి. బొమ్మ అందరికీ ఒకటే, లోహం మాత్రం హోదాను బట్టి మారింది. పై అధికారులకు బంగారం, తర్వాతివారికి బంగారు పూత వెండి, వెండి, కంచు, మామూలు సైనికులకు తగరం. అస్సాయే, మహిద్‌పూర్ యుద్ధాలకు పతకం 1851లో గానీ మంజూరు కాలేదు. అదీ అప్పటికి బతికి ఉన్నవారికే. అస్సాయే జరిగి అప్పటికి 48 ఏళ్లయింది.