హృదయ మూత్రపిండ సంబంధము: చరిత్రయు, గోదావరి డెల్టాయు

మనుష్యుని శరీరభారములో నూటికి అరపాలు కూడ తూగని రెండు మూత్రపిండములకు, గుండె నిమిషమునకు వెలువరించు రక్తములో ఇంచుమించు ఐదవ వంతు పోవుచుండును. ఆ రక్తమునుండి అవి మలినములను వడపోసి, ఉప్పును నీటిని పాళము తప్పకుండ నిలిపి, ఆ మార్గముననే రక్తపు పోటును తమ అధీనమందుంచుకొనును. ఆ పోటే గుండె మోయవలసిన బరువు. కావున ఒకటి చెడినచో రెండవది చెడుటయు, రెండును చెడిన పిమ్మట ఏది ముందు చెడినదో తేల్చుట కష్టమగుటయు సహజము. అయినను వైద్యశాస్త్రము ఈ అవయవములను చిరకాలము వేర్వేరు వైద్యుల కప్పగించి, వేర్వేరు గదులలోనే పరీక్షించినది. ఆ నడిమి గోడ క్రమముగా కూలిన చరిత్రలో గోదావరి డెల్టాకు రెండు విధముల స్థానము కలదు: భీమవరమున జన్మించిన యొక శాస్త్రజ్ఞుని వలన నొకటి, అచ్చటి పల్లెలలో జరిగిన మరణగణన వలన మఱియొకటి.

ఈ సంబంధమును మొదట స్పష్టముగా గుర్తించినవాడు లండను నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఒళ్లు వాచి మంచమెక్కిన రోగుల మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచినప్పుడు అది గడ్డకట్టుటయు, అట్టివారు మరణించిన పిదప వారి మూత్రపిండములు చెడియుండుటయు చూచి, ఆయన 1827లో తన గ్రంథమును వెలువరించెను. 1836లో అట్టి నూరుగురి వివరములను పట్టికగా కూర్చినపుడు, వారిలో పెక్కుమంది గుండెలు, కవాటములలో ఏ దోషమును లేకున్నను, పెరిగి దళసరియైయుండుట ఆయన దృష్టికి వచ్చెను. చెడిన రక్తము గుండెనే ప్రేరేపించుచున్నదో, లేక సూక్ష్మ నాళములలో అడ్డు కలిగించి గుండెచేత అధికశ్రమ చేయించుచున్నదో యని ఆయన ఊహించెను. రక్తపు పోటును కొలుచు సాధనము వైద్యుల చేతిలో లేని కాలమున, కేవలము శవపరీక్షచే ఇంత దూరము ఊహించుట అసాధారణ ప్రతిభ.

బ్రైట్ చూపిన త్రోవను, అదే ఆసుపత్రిలో తరువాతి తరమువాడైన ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ (1849–1884) మఱియొక దెసకు మరల్చెను. పాట్నాలో జన్మించి ఆంగ్లదేశమున స్థిరపడిన షేక్ దీన్ మహమ్మదునకు ఈతడు మనుమడు. నాడి కదలికను కాగితముపై గీతగా లిఖించు యంత్రమును సవరించి, మూత్రములో ఏ దోషమును కనిపించని మనుష్యులలో సైతము రక్తపు పోటు హెచ్చుగా నుండవచ్చుననియు, అట్టివారికే కొన్నాళ్లకు మూత్రపిండములు చెడుచున్నవనియు ఆతడు నిరూపించెను. అనగా మూత్రపిండము గుండెను చెఱచుట బ్రైట్ చూచినది. పోటు మూత్రపిండమును చెఱచుట మహమ్మద్ చూచినది. ముప్పదియైదేండ్లకే టైఫాయిడ్ జ్వరముతో ఆయన మరణించుటచే ఆ కృషికి రావలసిన ఖ్యాతి చాల ఆలస్యముగా వచ్చినది.

ఆ తరువాతి ఘట్టములను క్లుప్తముగా చెప్పవచ్చును. 1898లో స్టాక్‌హోమునందు టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు కుందేటి మూత్రపిండ రసమునందు పోటును హెచ్చించు రెనిన్ అను పదార్థమును కనుగొనిరి. 1934లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనులను కొంత నొక్కిపెట్టి, వానికి శాశ్వతముగా రక్తపు పోటు తెప్పింపగలిగెను. రెనిన్ వలన పుట్టు ఆంజియోటెన్సిన్‌ను అడ్డగించు మందునకు మార్గము బ్రెజిల్ దేశపు జరరాకా సర్పవిషమున దొరకుటయు, అందుండి రూపొందిన కాప్టోప్రిల్ 1981లో వాడుకలోనికి వచ్చుటయు, గుండెకును మూత్రపిండమునకును ఒక్క మందే రక్షకము కావచ్చునని తెలియజేసినవి.

ఔషధము లేని కాలమున ఆహారమే ఔషధము. 1944లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున వాల్టర్ కెంప్నర్, ప్రాణాంతకమైన రక్తపు పోటుతోను మూత్రపిండ వ్యాధితోను బాధపడువారికి అన్నము, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి, కొందఱిలో పెరిగిన గుండె మరల కుంచించుకొనుటను ఎక్స్‌రే ఛాయాచిత్రములతో చూపెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు వరి యన్నమే సర్వస్వమైన డెల్టావాసికి ఈ వార్త విచిత్రముగా తోచవచ్చును. మూడుపూటల అన్నము తినువారి దేశముననే ఈ వ్యాధి యేల ప్రబలినదని అడుగవచ్చును. కెంప్నర్ అన్నములో గుణము అన్నమునందు కాదు, ఉప్పు లేమియందున్నది. మన విస్తరిలో అన్నము ఒంటరిగా రాదు. ఆవకాయయు, మాగాయయు, ఊరు మిరపకాయయు, అప్పడమును, తీరమందు ఎండుచేపయు దానితో కూడ వచ్చును. దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుమాటను ఈ విస్తరి ముందు నిలిపి చూచినచో, రోగికి చెప్పవలసినది అన్నము మానుమని కాదు, ఊరగాయ జాడీని దూరముగా నుంచుమని మాత్రమే.

కోనసీమ విషయమున మఱియొక హెచ్చరిక అవసరము. జ్వరమునకును నీరసమునకును చలువ యని ఇచ్చు కొబ్బరినీళ్లయందును, రావులపాలెము మార్కెటునుండి దేశమంతట పోవు అరటిపండ్లయందును పొటాసియము సమృద్ధిగా నుండును. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దానిని సులభముగా వెలువరించును. క్షీణించిన మూత్రపిండములు అట్లు చేయజాలవు. రక్తమున పొటాసియము మితిమీరినచో గుండె లయ తప్పి, ముందు ఏ నొప్పియు లేకుండనే ఆగిపోవచ్చును. ఇతరులకు మేలు చేయు పానీయమే ఈ రోగికి ప్రాణాపాయమగు సంగతిని డయాలసిస్ గదిలోని సిబ్బంది ప్రతి క్రొత్త రోగికిని, రోగికంటె ఎక్కువగా ఆప్యాయతతో బోండాము కొట్టి తెచ్చు బంధువులకును, చెప్పవలసియుండును.

ఈ చరిత్రలో డెల్టా బిడ్డడు యెల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివి, వైద్యవిద్య నభ్యసించి, మామగారి సాయముతోను కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను ఆయన బోస్టను చేరెను. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ విధానము చూచుటకు మిక్కిలి సరళము: రక్తమునకో మూత్రమునకో సంబంధించిన ద్రవమున మాలిబ్డేట్‌ను, ఒక క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును, ఆ నీలిమ గాఢతయే అందలి భాస్వరమునకు కొలత. ఈ విధానము లోకమందలి ప్రయోగశాలలన్నిటను వ్యాపించినది. దీనినే సాధనముగా చేసికొని ఆయన ఫిస్కేతో కలిసి కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ప్రకటించెను. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా కనుగొన్న కాలముననే, ఏటీపీని వెల్లడించెను. గుండె కొట్టుకొను ప్రతిమారును వ్యయమగు శక్తిద్రవ్యము ఈ ఏటీపీయే.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కున మరణించునాటికి, భాస్వరమునకును గుండెకును మూత్రపిండముల మూలముగా గల మఱియొక బంధము ఇంకను బయటపడలేదు. మూత్రపిండములు క్షీణించినపుడు భాస్వరము రక్తమున నిలిచిపోవును; దానిని వెడలగొట్టుటకు ఎముకలనుండి ఎఫ్‌జీఎఫ్ 23 అను హార్మోను విస్తారముగా వెలువడును; ఆ హార్మోను గుండె కండరమును దళసరి చేయునని 2011లో ప్రకటితమైన ప్రయోగములు చూపినవి. అంతేగాక హెచ్చు భాస్వరమునందు ధమనుల గోడలలోని కండరకణములు తమ స్వభావమును వీడి ఎముక కణముల లక్షణములను దాల్చి, సున్నము కట్టుచున్నవి. బ్రైట్ నూరుగురిలో చూచిన దళసరి గుండెకు ఒక కారణమును, నూటడెబ్బదియైదేండ్లకు, ఈ విధముగా కనుగొనబడినది. మూత్రపిండ రోగి రక్తపరీక్షా పత్రమున నేటికిని క్రియాటినిన్ సరసన వ్రాయబడు భాస్వరపు అంకె వెనుక భీమవరపు పుత్రుని కృషి కలదని తెలుగువారు తెలిసికొనుట ఉచితము. ఆయన యాంటీబయాటిక్కుల మూలముగా మనకు తెలిసినంతగా ఈ పని మూలముగా తెలియకపోవుట లోటు.

డయాలసిస్ యుగము ఈ సంబంధమును నిర్దాక్షిణ్యముగా బయటపెట్టినది. 1960లో సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అమర్చిన గొట్టముతో దీర్ఘకాల డయాలసిస్ సాధ్యమయ్యెను. మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ పదేండ్లకు పైగా జీవించి, తుదకు గుండెపోటుతో మరణించెను. 1974లో అదే నగరమున లిండ్నర్ ప్రభృతులు 39 మంది రోగులను పరిశీలించి, మరణించినవారిలో సగమునకు పైగా ధమనీకాఠిన్యమునకే బలియైరని ప్రకటించిరి. యంత్రము మూత్రపిండమునకు బదులు పనిచేయుచుండగా గుండె ముందే ముదుసలియైనది. 2004లో అమెరికాయందు పదకొండు లక్షలకు పైగా జనులను పరిశీలించిన యొక అధ్యయనము, మూత్రపిండపు వడపోత తగ్గినకొలది హృద్రోగమును మరణమును మెట్టుమెట్టుగా పెరుగుచున్నవని తెలిపినది. 2008లో క్లాడియో రోంకో ప్రభృతులు హృదయ మూత్రపిండ రుగ్మతను ఐదు తెగలుగా వర్గీకరించిరి.

డెల్టా పల్లెల సంగతి లోకమునకు తెలిసినది 2006లో. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మున్నగునవి కలిసి తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలో చేసిన గణనమున, 45 గ్రామములలో, 1,80,162 జనాభాలో, ఒక్క యేడు సంభవించిన 1,354 మరణముల కారణములను ఇంటింటికి పోయి విచారించిరి. 32 శాతము మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవి. అంటువ్యాధులవి 12 శాతము మాత్రమే. పల్లెలలో కలరా, మలేరియా, క్షయలే చంపునని చిరకాలము నమ్మినవారికి ఇది గొప్ప దిగ్భ్రమ. అదే కృషిలో 2005లో 20 గ్రామములలో చేసిన పరీక్షలో 30 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 13 మందికి మధుమేహము కనిపించెను. మధుమేహమును రక్తపు పోటును మూత్రపిండములను కబళించు ప్రధాన కారణములు కావున, ఆ 32 శాతమందు మూత్రపిండముల పాలు ఎంతో కొంత దాగియుండునని ఊహించుట న్యాయము. ఏలయన, ఇంటివారు చెప్పునది 'గుండె ఆగిపోయినది' యని. అంతకు పదేండ్లు ముందునుండి మూత్రమున ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్నదని ఎవరికి తెలియును?

అటుపిమ్మట పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లిచ్చి, ఇంటికి పోయి బీపీ చూచి, గుండెపోటు ముప్పు గలవారిని వైద్యునికడకు పంపు ప్రయోగమొకటి జరిగినది. ముప్పుగలవారిని గుర్తించుట సాధ్యమయ్యెను గాని, బీపీ అదుపులోనికి వచ్చినవారి పాలు మాత్రము చెప్పదగినంత పెరుగలేదు. రోగిని కనుగొనుటయు, ఆతని చేతికి ప్రతిమాసము తప్పక మందు చేరుటయు రెండు వేర్వేరు పనులని ఈ ఫలితము తెలుపుచున్నది. ప్రభుత్వములు మొదటి పనికి సంతసించి రెండవదానిని మఱచుట తగదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున, సోంపేట, కవిటి మున్నగు మండలములలో ప్రబలిన మూత్రపిండ వ్యాధి డెల్టా వ్యాధికి భిన్నము. అచ్చటి రోగులలో అనేకులకు తొలుత మధుమేహము గాని హెచ్చు పోటు గాని లేవు. కారణము నేటికిని నిర్ధారితము కాలేదు. డెల్టా వ్యాధికి మూలములు తెలిసినవే, వానిని ఆపు సాధనములును తెలిసినవే. అందువలన ఇచ్చట ఆలస్యము మఱింత క్షమింపరానిది.

ఆ సాధనములలో నవీనమైనవి గ్లిఫ్లోజిన్ తెగకు చెందిన మందులు. మధుమేహమునకై పుట్టిన ఈ మందులు, మూత్రమార్గమున చక్కెరను వెడలగొట్టుచు, గుండె వైఫల్యమును తగ్గించునని 2019లోను, మూత్రపిండ క్షీణతను మందగింపజేయునని 2019, 2020లలోను వెలువడిన పెద్ద పరీక్షలవలన, మధుమేహము లేనివారికి సైతము, నిశ్చయమయ్యెను. డాపాగ్లిఫ్లోజిన్‌పై మూల పేటెంటు భారతదేశమున 2020లో తీరిపోవుటచే అనేక స్వదేశీ సంస్థలు దానిని తయారుచేయగా వెల పలుమడుగులు తగ్గినది. ఐనను దీనిని వ్రాయుటకు ముందు క్రియాటినిన్‌ను, మూత్రపు ఆల్బుమిన్‌ను చూడవలసియుండును. బీపీకై వచ్చిన రోగిచేత ఈ రెండు పరీక్షలును కనీసము ఏటికొకమారైన చేయించు అలవాటు, పెద్ద నగరములలోనే గాక, తణుకు, అమలాపురముల చుట్టుపట్టుల ఆరోగ్య కేంద్రములలోను నెలకొనవలసియున్నది.