బాస్ చేపల పోటీలలో మరణాల నివారణ

బాస్ చేపల పోటీ అనగా గాలంతో పట్టిన బాస్ చేపలను ప్రాణంతో తూకానికి తెచ్చి, తిరిగి నీటిలో విడిచే క్రీడ. ఇది అమెరికాలో ప్రసిద్ధము. 1967లో రే స్కాట్ ఆర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సులో ఆహ్వాన పోటీ నిర్వహించాడు. పట్టిన చేపను చంపరాదనే ఉద్యమాన్ని 1972లో ప్రారంభించాడు.

కారణాలు

నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. పెనుగులాడి అలసిన చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. బ్రతికినట్లు కనిపించి ఈదిపోయిన చేప కూడా కొన్ని రోజుల తరువాత మరణించవచ్చు.

నివారణ

పడవ తొట్టిలో నీటిని తరచు మార్చుట, గాలి ఊదుట, తడిచేతులతో పట్టుకొనుట, పట్టినచోటనే కొలిచి విడుచుట, తీవ్రమైన వేసవిలో పోటీలు మానుట ముఖ్యమైనవి.

గిద్దలూరు సమీపంలోని కంభం చెరువు వంటి జలాశయాలకు చేపపిల్లలను ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో, చల్లని వేళలో తరలించుటకు మూలం కూడా ఈ సూత్రమే.