ఎడ్మండ్‌సన్ పార్కున అయిదు వోల్టులు

సిడ్నీ మహానగరమునకు నైరుతి దిక్కున, లివర్‌పూల్, క్యాంప్‌బెల్‌టౌన్ పట్టణముల నడుమ వెలసిన ఎడ్మండ్‌సన్ పార్కునందు నేడు బారులు తీరి కనుపించు నూతన గృహములను చూచువారికి, ఈ నేలలో కొంతభాగము ఒకప్పుడు ఇంగిల్‌బర్న్ సైనికశిబిరమునకు చెందినదని తోచుట కష్టము. 1940లో ఆ శిబిరమున ఏర్పడిన పటాలమున చేరి, 1941 ఏప్రిల్‌లో తోబ్రుక్ రణరంగమున తాను క్షతగాత్రుడై యుండియు తన అధికారిని కాపాడి అసువులు బాసిన కార్పొరల్ జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ పేరే ఈ ఊరికి నిలిచినది. 2015 ఫిబ్రవరి 8న తెరువబడిన స్టేషను మీదుగా పోవు రైళ్లు 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడచును. 1926లో సిడ్నీకి విద్యుత్ రైలు వచ్చిన నాటినుండి, అధిక వోల్టేజితో వచ్చిన విద్యుత్తును సబ్‌స్టేషనులలో అట్లు మార్చియే తీగలకు ఎక్కించుచున్నారు. దొరకినది యొక వోల్టేజి, కావలసినది వేఱొక వోల్టేజి యైనప్పుడు ఆ రెంటినడుమ మార్పిడి యంత్రమును నిలుపుట ఈ ప్రాంతపు రైళ్లకెంత ముఖ్యమో, ఇచటి ఇండ్లలో పిల్లలు కూర్చు చిన్న మైక్రోకంట్రోలరు బోర్డులకును అంతే ముఖ్యము.

ఆ యుద్ధకాలపు వైర్‌లెస్ యంత్రములకు దీనికి విలోమముగా వోల్టేజిని పెంచుకొను అవసరముండెను. వాహనమునందలి బ్యాటరీ ఇచ్చు 12 వోల్టులు వాల్వులకు చాలవు గనుక, డైనమోటారు అను తిరుగుడు యంత్రముతో వందల వోల్టులు పుట్టించిరి. సిడ్నీలో 1922నుండి వెలువడిన వైర్‌లెస్ వీక్లీ పత్రిక 1939లో రేడియో అండ్ హాబీస్ అనియు, 1965లో ఎలక్ట్రానిక్స్ ఆస్ట్రేలియా అనియు పేర్లు మార్చుకొనుచు, ఇంటివద్దనే పరికరములు నిర్మించుకొను తరములను పెంచెను. 1968లో కారు రేడియోలు అమర్చు చిన్న దుకాణముగా ఆరంభమైన డిక్ స్మిత్ సంస్థయు, 1981లో సిడ్నీలోనే నెలకొన్న జేకార్‌యు వారికి విడిభాగములను సమకూర్చెను. మన హైదరాబాదులో 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమైన పిదప ఎలక్ట్రానిక్సుపై యువకులకు మోజు పెరిగెను. కోఠిలోని గుజరాతీ గల్లీ విడిభాగములకు నెలవైనది. సిడ్నీలో గాని, హైదరాబాదులో గాని, అభ్యాసి మొదట నిర్మింపవలసినది పవర్ సప్లయియే. ట్రాన్సిస్టరు రేడియోకై ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, ఒక పెద్ద కెపాసిటరు కలిపి బ్యాటరీ ఎలిమినేటరు కట్టుకొనినవానికి విద్యుత్తు ఎక్కడనుండి వచ్చి ఎక్కడ వ్యయమగుచున్నదో చేతికి తెలిసియుండెను. ఆ క్రమము మిక్కిలి మంచిదని నా దృఢవిశ్వాసము.

1970 ప్రాంతమున రాబర్ట్ విడ్లార్ రూపకల్పనచేసిన ఎల్‌ఎమ్ 109యు, ఆ వెనుక వచ్చిన 7805యు మూడుకాళ్ల చిన్న రెగ్యులేటరులై, అయిదు వోల్టుల స్థిరధారను అందఱకును సులభము గావించెను. అయితే అట్టి రెగ్యులేటరు మిగులు వోల్టేజిని వేడిగా మార్చి పారవైచును. 12 వోల్టులనుండి 5 వోల్టులకు దిగునపుడు 0.2 ఆంపియరుల ధారకు బోర్డు 1 వాటు వాడుకొనగా 1.4 వాట్లు వృథాగా ఉష్ణమగును.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున ఆర్డుయినో మైక్రోకంట్రోలరు బోర్డు పుట్టినప్పుడు యు.ఎస్.బి. తీగయే విద్యుత్తును తెచ్చుటచే, కొత్తతరము పవర్ సప్లయి ఊసే మఱచెను. ప్రోగ్రాము వ్రాసినంతనే దీపము వెలుగుట చూచిన బాలునికి విద్యుత్తు ఎక్కడిదని యడుగ పనిలేకపోయెను. కాని మోటార్లు, పొడవైన ఎల్‌ఇడి పట్టీలు, వైఫై గల ఇ.ఎస్.పి. బోర్డులు వచ్చిన వెనుక ఆ ప్రశ్న తిరిగి తలయెత్తెను. ఆర్డుయినో ఊనో బోర్డు జాకునకు 7నుండి 12 వోల్టుల వఱకు తగునని సూచింపబడినను, 12 వోల్టులతో బరువైన పనికి పూనుకొన్నచో అందలి చిన్న రెగ్యులేటరు వేలు పెట్టలేనంతగా కాలును.

అందుచే వోల్టేజిని దించు బక్ కన్వర్టరును బోర్డునకు వెలుపల నిలుపుట మరల ఆచారమైనది. వేలెడంత పలకపై ఎల్‌ఎమ్ 2596 చిప్పు, రాగితీగ చుట్టిన ఇండక్టరు, రెండు కెపాసిటరులు, ఇత్తడి మర గల చిన్న నియంత్రకము ఉండును. చిప్పు ధారను అడ్డగించి కాల్చదు. సెకనుకు లక్షా యాభైవేల మార్లు ధారను పోనిచ్చి ఆపుచు, పోనిచ్చినపుడు ఇండక్టరులో దాచిన శక్తిని ఆపినపుడు బయటికి విడుచును. దాని సామర్థ్యము సుమారు ఎనుబది శాతమనుకొన్నచో, పై 1.4 వాట్ల నష్టము పావు వాటునకు తగ్గును. 230 వోల్టుల సాకెట్టులో ఏటవాలు పిన్నుల 12 వోల్టుల ఎడాప్టరు గ్రుచ్చి, కన్వర్టరునకు మల్టీమీటరు తగిలించి, బోర్డు ఇంకను కలుపకమునుపే మరను త్రిప్పుచు అంకె 5.0 వద్దకు చేర్చవలెను. కొత్త పలకలు తఱచు అంతకంటె ఎంతో హెచ్చు వోల్టేజితో వచ్చును. ఆ మీద బోర్డునందలి రెగ్యులేటరును దాటిపోవునట్లు 5 వోల్టుల పిన్నుకే తీగ కలుపవలెను. ఆ పిన్నుకు రక్షణ కవచము లేదు గనుక, ధన ఋణములను ముందే సరిచూచుకొని, కంప్యూటరునుండి వచ్చు యు.ఎస్.బి. తీగను అప్పుడు విడదీయుట శ్రేయస్కరము.