పుట్టుమచ్చ పోయిన ఫోటో



2008లో నేను పదవీ విరమణ చేసినప్పుడు పెన్షన్ కాగితాలకు జాయింట్ ఫోటో కావలసి వచ్చింది. నల్లగొండలో ఒక స్టూడియోకు వెళ్లి మా దంపతులం ఫోటో దిగాము. అక్కడి కుర్రవాడు కంప్యూటర్ మీద మా ముడతలన్నీ తీసేసి పదేళ్లు తగ్గించాడు. మా శ్రీమతి ఎంతో సంతోషించింది. తీరా కాగితాలు పంపితే అభ్యంతరంతో తిరిగి వచ్చాయి. డిస్క్రిప్టివ్ రోల్‌లో ఆమెకు “గడ్డము మీద ఎడమవైపు పుట్టుమచ్చ” అని నేనే స్వహస్తంతో రాశాను. ఫోటోలో ఆ మచ్చ లేదు! అసలు ఫోటో ఇమ్మని అడిగితే, దిద్దినదాన్ని దాని మీదే సేవ్ చేశామని, అసలుది మిగలలేదని చెప్పారు. మళ్లీ దిగక తప్పలేదు. సర్వీసంతా ఫైళ్లు కాపాడిన నాకు ఆ “మిగలలేదు” అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచే ఈ దిద్దుబాటు సంగతులు తెలుసుకోవడం మొదలుపెట్టాను.

ఫోటోలు దిద్దడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. మన మహబూబ్‌నగర్‌కు 1890లో ఎవరి పేరు పెట్టారో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. అంటే ఆయన కూడా మనలాగే సర్కారీ నౌకరే! 1894లో నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. 1905లో ఆయన కాలం చేశాడు. అయినా ఆయన స్టూడియో గాజు పలకల నెగటివ్‌లు 2,800కు పైగా నిలిచాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిని కొని భద్రపరచింది. అసలు నిలిచింది గనుకనే ఇప్పుడు మళ్లీ ప్రింట్లు తీయడానికి వీలవుతున్నది.

ఆ కాలంలో స్టూడియోలవారు నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో దిద్దేవారు. నెగటివ్‌లో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది కదా. ముడత పడ్డ చోట పెన్సిల్‌తో గీస్తే ప్రింటులో ముడత మాయమయ్యేది. కాని ఆ గీత పైపూత మీదే. పూత తుడిచేస్తే అడుగున అసలు బొమ్మ పదిలంగా ఉండేది. మనం ఉద్యోగాల్లో చేరిన నాటికి ఫిలిం రోజులు. ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిలిం, ఎర్రబల్బు డార్క్‌రూం, నంబరు వేసిన కవర్లలో నెగటివ్‌లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 1990లో ఫోటోషాప్ వచ్చింది. నెగటివ్ పోయిందనుకున్నాము. నిజానికి అది పోలేదు, పేరు మార్చుకుంది. మంచి కెమెరాల్లో ‘రా’ అనే ఫైలు ఉంటుంది. రా అంటే పచ్చిది, వండనిది. మన భాషలో చెప్పాలంటే జేపెగ్ ఫెయిర్ కాపీ, రా ఫైలు అసలు డ్రాఫ్టు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లదైతే 16,384. అందుకే చీకట్లో మునిగిన ముఖాన్ని కూడా దాంట్లోంచి పైకి తీయవచ్చు. బల్బు పసుపును సరిచేయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, రా ఫైళ్లు దిద్దే ప్రోగ్రాములు మార్పులను వేరే రాసుకుంటాయి, అసలును ముట్టవు. డార్క్‌టేబుల్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి.

మా శ్రీమతి 2019లో వెళ్లిపోయింది. దండ వేయడానికి ఫోటో కావలసి వచ్చింది. బంధువు ఒకరు తమ ఫోన్‌లోని ఫోటో పంపారు. అందులో ఆమె తెల్లగా, నున్నగా ఉంది. ఎవరో పరాయి మనిషిని చూసినట్టనిపించింది. మా మనుమరాలి దగ్గర మాత్రం 2016లో ఒక పెళ్లిలో తాను తీసిన రా ఫైలు ఉంది. ఇంట్లో కంప్యూటర్ ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, షామియానా నీడను తగ్గించి ముఖాన్ని వెలుగులోకి తెచ్చింది.

“తాతా, నాయనమ్మ మచ్చ ఉంచాల్నా, తియ్యాల్నా?” అని అడిగింది.

“ఉంచు బిడ్డా. రికార్డుల ఉన్నది,” అన్నాను.

మిత్రులకు నా మనవి ఒకటే. ఫోటో ఎంతైనా దిద్దించుకోండి, తప్పులేదు. అసలును మాత్రం చెరపనివ్వకండి. రెండు చోట్ల దాచమని పిల్లలకు చెప్పండి. ఇంట్లో మిగిలిన పాత నెగటివ్‌లను పారవేయకండి. మన ఆఫీసుల్లో ఎల్.డిస్. కాగితాలు కొంతకాలానికి చింపేసేవాళ్లం. ఆర్.డిస్. ఫైళ్లు శాశ్వతం. మన మనుషుల ముఖాలు ఆర్.డిస్. కిందికే వస్తాయి.